మొయినాబాద్‌లో పెట్టిన మూట

బుడాపెస్ట్‌కు పోదామన్నది సమత. ఎందుకు ఆ ఊరే అంటే, పారిస్‌కు అందరూ పోతారు కాబట్టి. మా ముగ్గురికీ అంతకు మించిన కారణం ఎప్పుడూ అవసరం పడలేదు. నేను, సమత, ఉషశ్రీ నానక్‌రామ్‌గూడలో ఒకే ఆఫీసులో పని చేస్తాం. నాదీ సమతదీ చేవెళ్ళ, ఉషశ్రీది మొయినాబాద్ పక్కన ఎంకపల్లి. ప్రతి ఏడూ ఎక్కడెక్కడికో పోదామని వాట్సాప్ గ్రూపులో ఊదరగొట్టి, చివరికి గండిపేట కట్ట దగ్గర మొక్కజొన్న పొత్తులు తిని ఇంటికొచ్చే బాపతు మేము. ఈసారి జనవరి ఇరవై ఆరు సోమవారం పడింది. శుక్రవారం ఒక్క రోజు సెలవు పెడితే చాలు. సమత హోటల్ చూసింది, ఉషశ్రీ టికెట్లు బుక్ చేసింది, భయపడే పని ఎప్పటిలాగే నేను పెట్టుకున్నాను.

మా నాయనమ్మ పేరు కన్యకాపరమేశ్వరి. అంత పొడుగు పేరును పూర్తిగా పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఇంటిల్లిపాదికీ ఆమె అవ్వ. విమానం శుక్రవారం తెల్లవారుజామున అని చెప్పగానే ఆమె పంచాంగం తెరిచి, చూసి, మూసేసింది.

"శుక్రవారం పడమరకు వారశూల. పోవద్దు."

"అవ్వా, మనం చెప్తే ఇమానం ఆగుతదా?"

"ఇమానాన్ని ఎవరు ఆగుమన్నరు? పస్తానం పెడ్దాం."

ప్రస్థానం సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పోవలసిన రోజు మంచిది కాకపోతే, అంతకు ముందే ఒక మంచి ఘడియలో ఆ మనిషి కట్టి విడిచిన బట్ట ఒకటి మూటగట్టి, దారిలో తెలిసినవాళ్ళ ఇంట్లో పెట్టి వస్తారు. మా ఇంట్లో దానితో పాటు చిన్న సీసాలో తేనె కూడా పెడతారు. మూట గడప దాటిన క్షణమే మనిషి బయల్దేరినట్టు. తర్వాత అసలు ప్రయాణం రోజున ఆ ఇంటి ముందు ఆగి, ఎవరి మూట వాళ్ళు ఎత్తుకుని ముందుకు సాగాలి. దేవుణ్ణి కాదుగానీ పంచాంగాన్ని మోసం చేసే ఉపాయం అన్నమాట. మా వాళ్ళు దుకాణదారులు, ఇలాంటి సర్దుబాట్లలో ఆరితేరినవాళ్ళు.

అవ్వ నా అల్మారా వెతికి, ఉతికిన బట్టలన్నీ పక్కన పడేసి, తలుపు వెనక మేకుకు వేలాడుతున్న నీలం చున్నీ తీసుకుంది. పసుపు పువ్వులు కుట్టిన పాత చున్నీ అది. "నీ ఒంటి వాసన పట్టింది కావాలె," అంది. బుధవారం పొద్దున మా నాన్న, అంటే బాపు, ఆ మూటను స్కూటర్ డిక్కీలో పెట్టుకుని మొయినాబాద్‌లో మా నీలవేణత్త ఇంట్లో ఇచ్చి వచ్చాడు. "పడమర దేశం పోవుటానికి మూటను తూర్పుకు తీస్కపోయిన," అని నవ్వాడు. గ్రూపులో ఇదంతా రాస్తే సమత వెంటనే జవాబిచ్చింది. "అంటే నువ్వు అప్పుడే బయల్దేరినవ్. మేమే ఇంక ఇంట్ల కూసున్నం."

బయల్దేరని దాన్ని నేనే. వాళ్ళిద్దరి పాస్‌పోర్టులూ వీసాలతో వచ్చేశాయి. నాది రాలేదు. గురువారం సాయంత్రం వరకు కొరియర్ బండి చప్పుడైతే చాలు గేటు దగ్గరకు పరిగెత్తాను. చివరికి వచ్చింది సమత ఎక్కిన క్యాబ్. నేను పెట్టె లేకుండా, ఇంటి చెప్పులతో నిలబడి ఉన్నాను. సమత దిగి నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. కోపం వస్తే నాకు ఏడుపు రాదు. ఎవరి మీద కోపమో తెలియనప్పుడు అసలే రాదు.

క్యాబ్ పోయాక అవ్వ అడిగింది, "మూట?"

"మొయినాబాద్‌లనే ఉన్నది," అన్నాడు బాపు. "రేపు తెస్త."

"మర్వకు. ఆగిపోయిన ప్రయాణపు మూట పరాయి ఇంట్ల ఉండొద్దు."

రెండు గంటలు గడిచాయో లేదో సమత నుంచి ఫొటో వచ్చింది. ఎయిర్‌పోర్టులో ఉషశ్రీ ఒడిలో నా మూట. కింద సమత రాసింది: "నిన్ను వదిలిపెట్టి పోతమా? మీ అత్తనడిగి ఎత్తుకొచ్చినం. నీ బదులు నీ చున్నీకి ఊరంత చూపిస్తం." అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. ఇంత మంచి దోస్తులు ఎవరికుంటారని సంబరపడిపోయి, ఫోన్ తీసుకెళ్ళి అవ్వకు చూపించాను.

అవ్వ ఫోన్ తిరిగి ఇచ్చేసింది. 

"ఎవరి మూట వాళ్ళే ఎత్తుకోవాలె బిడ్డా. ఇంకొకరు ఎత్తుకపోతే ప్రయాణం ఆగనట్టే. నువ్వు పోయినట్టే."

"చున్నీ పోయింది అవ్వా. నేను ఈడనే ఉన్న."

అవ్వ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

శుక్రవారం పొద్దున అమ్మ బాపుకూ అవ్వకూ చాయ్ ఇచ్చి, మిగిలింది తను తాగింది. నాకు పొయ్యలేదు. వీసా పేరు చెప్పి అంత డబ్బు తగలేశానని అప్పటికి వారం నుంచీ సణుగుతోంది కాబట్టి అలిగిందనుకున్నాను. అలకలో నేనేం తక్కువ దాన్ని కాదు, నా చాయ్ నేనే పెట్టుకున్నాను. మధ్యాహ్నం కంచాలు పెట్టినప్పుడు కూడా నాకు పెట్టలేదు. "అమ్మా, నాకో?" అన్నాను. అమ్మ గిన్నె మీద మూత పెట్టి లోపలికి పోయింది. ఇంత పంతమా అని ఒళ్ళు మండి, గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను.

సాయంత్రం ఫొటోలు మొదలయ్యాయి. పెద్ద నది, దాని మీద ఆకుపచ్చ ఇనుప వంతెన, దాని కమ్మీకి కట్టిన నా నీలం చున్నీ గాలికి ఎగురుతోంది. పొడవాటి కర్రకు చుట్టి నిప్పుల మీద కాల్చిన తియ్యటి రొట్టెలు చేతిలో పట్టుకుని ఉషశ్రీ. రొట్టెలు మూడు. "నీది కూడ కొన్నం," అని రాసింది. నేను గుండె బొమ్మలు పంపాను. వీధుల్లో దీపాలు, జనం, ఎవరో పెద్ద వయొలిన్ వాయిస్తున్న వీడియో. ఊరు ఊరంతా పెళ్ళి ఊరేగింపులా ఉంది. చూస్తూ చూస్తూ ఆకలితోనే నిద్రపోయాను.

శనివారం మధ్యాహ్నం వచ్చిన ఫొటోతో నా నిద్రమత్తు వదిలింది. పసుపు రంగు ట్రామ్ లోపల తీసిన ఫొటో. కిటికీ పక్కన ఉషశ్రీ. ఆమె పక్కన ఒక అమ్మాయి, మనకు వీపు చూపిస్తూ బయటికి చూస్తోంది. భుజాల చుట్టూ నా చున్నీ. దాని మీదుగా దిగిన జడ, జడ చివర గులాబీ రంగు రబ్బరు బ్యాండు. ఆ రబ్బరు బ్యాండు అప్పుడు నా జడకే ఉంది.

"ఆమె ఎవరే? నా చున్నీ ఎవరికిచ్చినరు?" అని రాశాను.

సమత జవాబు వచ్చింది. "పక్కన్నే కూసుని మెసేజ్ చేస్తవేందే? నోరు లేదా?"

ఆట పట్టిస్తున్నారు అనుకున్నాను. సమతకు అలాంటి బుద్ధులు ఉన్నాయి. ఫోన్ చేశాను. ఉషశ్రీ ఎత్తింది. వెనక సంగీతం, నవ్వులు. "హలో? హలో? ఎవరు? ఇనిపిస్తలేదు," అంది. నేను గొంతు చించుకుని నా పేరు చెప్పాను. "ఏమో, ఎవరో," అని ఆమె పక్కవాళ్ళతో అనడం వినిపించింది. పక్క నుంచి ఎవరో "పెట్టేయ్ వే, ట్రామ్ దిగాలె," అన్నారు. ఆ గొంతు సమతది కాదు. ఎక్కడో బాగా విన్న గొంతు.

ఇంట్లో ఉండబుద్ధి కాక మా విత్తనాల దుకాణానికి పోయాను. బాపు పక్కన స్టూల్ మీద కూర్చుని టమాటా విత్తనాల పొట్లాలు సర్దడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆలూరు నుంచి కృష్ణయ్య వచ్చాడు. ఆయన క్యారెట్ వేసినా, క్యాబేజీ వేసినా మా దగ్గరే విత్తనం కొంటాడు.

"ఏం సేటూ, బిడ్డ దేశం పోయిందట గద?"

"పోయింది కృష్ణయ్యా," అన్నాడు బాపు. "మంచిగ చేరిన అని నిన్ననే ఫోన్ చేసింది."

నేను బాపు మోచేతికి జానెడు దూరంలో ఉన్నాను. "బాపూ!" అన్నాను. ఆయన నా మీదుగా చెయ్యి చాపి పై అరలోని డబ్బా అందుకున్నాడు. వెనక్కి జరగకపోతే డబ్బా నా నెత్తికి తగిలేది. ఆయన కళ్ళు నా మీదుగా, గోడ మీద నుంచి పోయినట్టు పోయాయి. ఎరువుల బస్తాల వాసన, బయట బండ్ల హారన్లు, అన్నీ మామూలుగానే ఉన్నాయి. నేను ఒక్కదాన్నే లేను.

అప్పుడు బాపు ఫోన్ మోగింది. తెర మీద నా ఫొటో, నా పేరు. నా ఫోన్ నా చేతిలోనే చప్పుడు లేకుండా ఉంది. బాపు కృష్ణయ్యకు కూడా వినిపించాలని స్పీకర్ పెట్టాడు.

"బాపూ! ఎట్లున్నరు? ఈడ మస్తు చలి, ముక్కు ఊడి చేతికి వచ్చేటట్టున్నది!"

నా గొంతు. వాయిస్ మెసేజ్‌లలో వింటే నాకే నచ్చని నా ముక్కు గొంతు. కానీ ఇందులో ఏదో కొత్త హుషారు ఉంది. "నిన్న ఒక కూలిపోయిన పాత బంగ్లాల పాటలు పెట్టిన్రు బాపూ. గోడలకు సైకిళ్ళు, బాత్‌టబ్బులు ఏలాడదీసిన్రు. నేను డాన్స్ చేసిన!"

"నువ్వా? డాన్సా?" బాపు పగలబడి నవ్వాడు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నాతో మాట్లాడుతూ ఆయన అలా నవ్వి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు లేదు. నిజం చెబుతాను, భయం తర్వాత వచ్చింది. ముందు ఈర్ష్య పుట్టింది. నేను ఇంతకాలం ఇంట్లో ఉండి ఇవ్వలేని సంతోషాన్ని అది రెండు నిమిషాల్లో ఇచ్చింది.

ఆ తర్వాత భయం వచ్చింది. పరిగెత్తుకుంటూ ఇంటికి పోయాను. అవ్వ పెరట్లో ఎండకు మంచం వేసుకుని అనపకాయలు ఒలుస్తోంది. నేను ఎదురుగా పోయి నిలబడ్డాను. పిలవడానికి ధైర్యం చాలలేదు. అవ్వ కూడా పలకకపోతే ఈ భూమ్మీద నేను ఎక్కడ ఉన్నట్టు?

అవ్వ తలెత్తింది. "వచ్చినవా? గిట్ల నా ముందట కూసో."

నేల మీద కూలబడి ఆమె మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చాను. అవ్వ ఏమైందని అడగలేదు. ఆమెకు శుక్రవారమే తెలుసు. అమ్మ నాకు కంచం పెట్టనప్పుడే ఆమెకు అర్థమైందట. "అడిగితే నువ్వు బెదురుకుంటవని అడగలే," అంది. లోపలికి పోయి తన కోసమని అన్నం పెట్టించుకుని వచ్చి, ఆ కంచంలోంచే నాకు ముద్దలు పెట్టింది.

ఆ సాయంత్రమే బాపు ఫోన్ పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. "అవ్వా, నీ మనవరాలు. నీతోని మాట్లాడుతదట."

"నా మనవరాలు ఈడ నా పక్కన కూసున్నది," అంది అవ్వ. "ఆ ఫోన్ల ఎవరో నాకు తెల్వదు."

బాపు నా వైపు చూశాడు. నన్ను దాటి మంచం కోడు చూశాడు. ఫోన్‌లోంచి నా నవ్వు వినిపించింది. "అవ్వ అలిగింది బాపూ. తీస్కపోలే అని అలిగింది." బాపు ఫోన్ పెట్టేసి అమ్మను పక్కకు పిలిచాడు. అవ్వకు మతి తప్పుతోందని, సోమవారం పండుగ సెలవు అయిపోగానే దవాఖానకు తీసుకుపోవాలని వాళ్ళు గుసగుసలాడుకోవడం నాకు వినిపించింది. నా మూలంగా అవ్వకు పిచ్చిదన్న పేరు వస్తోంది. నాకు నా మీదే అసహ్యం వేసింది.

"వాళ్ళ మాటలు ఇడ్సిపెట్టు," అంది అవ్వ. "నేను చెప్పేది ఇను. సోమవారం వాళ్ళు వస్తరు. వచ్చేటప్పుడు మూట మళ్ళ నీలవేణి ఇంటి కాడికే వస్తది. ఆ గడప కాడనే, ఎత్తిన చేతుల నుంచే నువ్వు అందుకోవాలె. ఇంకెవ్వరి చేతికి పోకముందు నువ్వే అందుకోవాలె. గప్పుడు నువ్వు వచ్చినట్టు లెక్క."

"అందుకోకపోతే?"

అవ్వ ఒక అనపకాయ ఒలిచి, గింజలు చేటలో వేసింది. "అందుకోవాలె," అంది.

ఆదివారమంతా అవ్వ నన్ను పక్కనుంచి కదలనివ్వలేదు. ఆమె కంచంలోనే నా తిండి, ఆమె గ్లాసులోనే నా చాయ్. నేను ముట్టుకుంటే అమ్మ చలి అని కొంగు కప్పుకునేది. అవ్వ ముట్టుకుంటే మాత్రం నేను నేనుగానే ఉండేదాన్ని. ఊరికే కూర్చుంటే భయమేస్తుందని అవ్వ ముచ్చట్లు పెట్టింది. అవి నేను ఎప్పుడూ వినని ముచ్చట్లు. చిన్నప్పుడు వాళ్ళ ఊరు శంకర్‌పల్లిలో రైలు పట్టాల పక్కన నిలబడి, ఈ రైలు ఎక్కడ ఆగిపోతుందో చూడాలని ఉండేదట. ఆఖరి స్టేషన్‌లో దిగి, అక్కడి బజారులో ఒక్కతే నడవాలని. ఒకసారి నిజంగానే ఎక్కి కూర్చుందట. పక్క స్టేషన్‌లో తెలిసినవాళ్ళు గుర్తుపట్టి దింపేశారట.

"తాతకు చెప్పినవా?"

"ఎవ్వరికి చెప్పలే. నీకే చెప్తున్న." అవ్వ సిగ్గుపడింది. ముడతల ముఖంలో ఆ సిగ్గు ఎంత అందంగా ఉందో చెప్పలేను. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఈమెతో నేను ఎప్పుడు కూర్చున్నాను? ఎప్పుడూ ఫోన్, ఆఫీసు, గండిపేట. ఆ రోజు ఆ పెరట్లో, ఎవరికీ కనిపించకుండా, నేను అవ్వకు మనవరాలిని అయ్యాను. భయం తగ్గిన కొన్ని ఘడియలు సంతోషంగా కూడా ఉన్నాను.

సోమవారం పొద్దున్నే బస్సెక్కాను. ఆడవాళ్ళకు బస్సు ఉచితమే కానీ కండక్టర్ ఆధార్ చూసి సున్నా టికెట్ కొట్టాలి. నాకు ఆ సున్నా కూడా కొట్టలేదు. ఒక పెద్దామె సంచితో సహా నా ఒడిలో కూర్చోబోతే లేచి, మొయినాబాద్ దాకా నిలబడి పోయాను.

అత్త ఇల్లు ఆమె స్టీల్ సామాన్ల దుకాణం వెనకే. అత్త వాకిలి ఊడ్చి, నా కాళ్ళ మీదుగా నీళ్ళు చల్లి ముగ్గేసింది. ఎక్కడో స్కూల్ మైకులో జెండా పాటలు వస్తున్నాయి. నేను గడపకు ఆనుకుని నిలబడ్డాను. అత్త లోపలికీ బయటికీ తిరిగినప్పుడల్లా పక్కకు తప్పుకున్నాను.

క్యాబ్ వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి సమత దిగింది, చేతుల్లో నా మూట. వెనక సీట్లో ఉషశ్రీ తల వాల్చి నిద్రపోతోంది. ఆమె పక్కన నేను కూర్చుని ఉన్నాను. చలికి కమిలి ఎర్రబడ్డ బుగ్గలు, కొత్త ఊరు చూసి వచ్చిన కళ్ళు. అద్దంలో కూడా నేను అంత బాగా ఎప్పుడూ లేను. ఆ రెండో నేను కారు అద్దం దించి నన్ను చూసింది. ఈ మూడు రోజుల్లో అవ్వ తర్వాత నన్ను చూసింది ఆమె ఒక్కతే. కోపంగా చూస్తుందేమో, కొట్లాడుతుందేమో అనుకున్నాను. అదేం లేదు. ఆమె కళ్ళలో జాలి ఉంది. వద్దన్నట్టు మెల్లగా తల ఊపింది.

"అత్తా, ఎక్కడ తీసుకున్ననో అక్కడనే పెడ్తున్న," అని సమత మూట చాపింది. అత్త చేతులు తుడుచుకుని ముందుకు వచ్చింది. ఇక ఆలోచించలేదు. ఇద్దరి మధ్యకు దూకి ఆ మూట గుంజుకున్నాను.

"అరె, మెల్లగ! నీ మూటే గద, ఎవరు కాదన్నరు?" సమత నవ్వింది. నా ముఖం చూసి నవ్వింది!

అత్త నా భుజం మీద చెయ్యి వేసింది. "ఎంత చిక్కిపోయినవే! ఆడ అన్నం దొరకలేదా?" ఉషశ్రీ నిద్రలేచి, "భవితా, నీ సంచి దించుకో," అని నా పేరు పెట్టి అరిచింది. వెనక సీట్లో ఆమె పక్కన ఎవరూ లేరు. కిందికి చూసుకుంటే నా కాళ్ళకు బొచ్చు బూట్లు ఉన్నాయి. వాటిని ఏ కొట్లో కొన్నానో, ఆ కొట్టు ముసలాయన ఎలా వంగి నమస్కరించాడో నాకు గుర్తుంది. వంతెన మీద గాలి, ట్రామ్ గంట, వేడి నీళ్ళ కొలనులో మెడ దాకా మునిగి ఉంటే నెత్తి మీద పడ్డ మంచు, అన్నీ గుర్తున్నాయి. పెరడు కూడా గుర్తుంది. రెండూ నావే. ఆ వాకిట్లోనే కూర్చుని పిచ్చిదానిలా ఏడుస్తూ నవ్వాను. వాళ్ళిద్దరూ నిద్ర చాలక అనుకున్నారు.

బాపు వచ్చి నన్ను ఇంటికి తీసుకుపోయాడు. దారి పొడుగునా ముచ్చట్లు చెప్పించుకున్నాడు. అమ్మ గేటు దగ్గరే దిష్టి తీసి, నాకు కంచం పెట్టింది. ఆ కంచాన్ని ఒకసారి తడిమి చూసుకున్నాను. కానీ ముందు అవ్వకు చెప్పాలి. అందుకున్నాను అవ్వా, నువ్వు చెప్పినట్టే చేశాను అని చెప్పాలి. పెరట్లోకి పరిగెత్తాను.

అవ్వ మంచం మీద కూర్చుని దారి వైపు చూస్తోంది. నన్ను చూసి చేతులు చాపింది.

"వచ్చినవా బిడ్డా! ఎట్లున్నది ఆ ఊరు? నువ్వు లేక ఇల్లు బోసిపోయింది."

నవ్వుతోందేమో అని చూశాను. ఆట పట్టిస్తోందేమో అని చూశాను. అవ్వ కళ్ళు ప్రేమగా, నిష్కల్మషంగా నా మీదే ఉన్నాయి.

"అవ్వా, నేను ఈడనే ఉన్న గద. నీ కాడనే ఉన్న గద."

"నువ్వు ఆడుంటివి. ఫోన్ కూడ చేస్తివి." నా తల నిమిరింది. "ఒక పిల్ల మాత్రం వచ్చింది ఈడికి. పొద్దంత నా పక్కన్నే కూసునేది. నీ ఈడుదే. మంచి పిల్ల. నీకు కూడ చెప్పని ముచ్చట్లు ఆమెకు చెప్పిన. పొద్దున్నే లేచి చూస్తే లేదు, చెప్పి కూడ పోలేదు."

"శంకర్‌పల్లి రైలు ముచ్చట..." అన్నాను. 

అవ్వ చెయ్యి నా తల మీద ఆగిపోయింది. "ఆ ముచ్చట నీకెవరు చెప్పిన్రు? ఆ పిల్ల కనబడ్డదా?" ఆత్రంగా నా రెండు చేతులూ పట్టుకుంది. "యాడున్నది? తీసుకరా బిడ్డా. ఆమెను ఎవ్వరూ చూడరు. పిలిస్తే ఎవ్వరూ పలకరు. నేను తప్ప ఆమెకు ఎవ్వరూ లేరు."

లోపలి నుంచి అమ్మ నా పేరు పెట్టి పిలిచింది, అన్నం చల్లారిపోతోందని. నేను పలకలేదు. అవ్వ నా వెనక, గేటు వైపు చూస్తోంది.

"దేవులాడి తీసుకొస్త అవ్వా," అన్నాను. అవ్వ నా చేతులు వదిలేసి, మంచం మీద పక్కకు జరిగి, ఆ పిల్ల కూర్చోవడానికి చోటు చేసింది.